ధర తగ్గించలేరా, కూపనే ఎందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారం. కూపన్లతో ఇంటి సరుకుల ఖర్చు తగ్గించుకోవడం గురించి పోయిన వారం మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అప్పుడే రాద్దామనుకుని, కోపం కాస్త చల్లారాక రాయొచ్చులే అని ఆగాను. చల్లారలేదు.

ఆ వ్యాసం ప్రకారం తెలివైన ఇల్లాలు పేపర్లో వచ్చిన కూపన్లన్నీ కత్తిరించి, గడువు తేదీల వారీగా కవర్లలో పెట్టుకోవాలి. ఫోన్లో నాలుగైదు యాప్‌లు వేసుకోవాలి. ఏ కూపన్‌తో పాటు ఏది చెల్లుతుందో, ఏ షాపులో ఏ రోజు ఎక్కువ తగ్గుతుందో గుర్తుంచుకోవాలి. ఇదంతా అయ్యాక టైమ్ మిగిలితే వంట చేసుకోవచ్చు కాబోలు. ఇంటాయన ఏం చేయాలో మాత్రం రాయలేదు. పైగా వ్యాసం కిందనే చుట్టూ చుక్కల గీతతో ఒక కూపన్ వేశారు. దాన్ని కత్తిరిస్తే వెనక పేజీలో ఉన్న ఈ లేఖల శీర్షిక సగం ఎగిరిపోతుంది. పాఠకుల గోడు ఎవరికి కావాలి లెండి!

కూపన్‌తో డబ్బు మిగలనే మిగలదని నేననను. ఎలాగూ కొనాల్సిన సరుకు మీద, పక్కన ఉన్న వేరే కంపెనీ సరుకు ధర కూడా చూసుకుని వాడితే మిగులుతుంది. ఆ ఒక్క మాటే వ్యాసంలో లేదు. తగ్గింపు వస్తుందని అవసరం లేనిది తెచ్చుకుంటే అది ఖర్చవుతుంది కానీ పొదుపు ఎలా అవుతుంది?

ఇక షరతులు. తగ్గింపు అంకె కాగితం నిండా ఉంటుంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి: కనీసం ఇంత మొత్తానికి కొనాలి, తగ్గింపు ఇంతకు మించదు, ఎంపిక చేసిన సరుకులకే, ఇతర ఆఫర్లతో కలిపి చెల్లదు, స్టాకు ఉన్నంత వరకే, తుది నిర్ణయం కంపెనీదే. ఇవన్నీ దాటుకుని బిల్లు కౌంటర్ దాకా వెళితే, అక్కడి అమ్మాయి "ఈ సైజుకి రాదండీ, పెద్ద ప్యాకెట్‌కే వస్తుంది" అంటుంది. వెనక క్యూలో వాళ్లు గొణుగుతుంటారు. వద్దని తిరిగి ఇచ్చేయడానికి మొహమాటం. వాళ్ల వ్యాపారం నడిచేది ఆ మొహమాటం మీదే. పాపం ఆ అమ్మాయిని అని లాభం లేదు, షరతులు రాసింది ఆమె కాదుగా.

ఒక చిన్న లెక్క చెబుతాను. 125 గ్రాముల సబ్బును అదే రేటుకు 100 గ్రాములు చేశారనుకోండి. గ్రాము ధర 25 శాతం పెరిగినట్టు. దాని మీద 10 శాతం కూపన్ ఇస్తే మనం మురిసిపోతూ కొంటాం. అప్పటికీ పాత ధర కంటే గ్రాముకు 12.5 శాతం ఎక్కువే ఇస్తున్నాం. కూపన్ కనబడుతుంది, తగ్గిన గ్రాములు కనబడవు.

కూపన్ దానధర్మం ఎప్పుడూ కాదు. 1880ల చివర్లో అమెరికాలో కోకాకోలా వాళ్లు ఒక గ్లాసు ఉచితమంటూ చీటీలు పంచారు. జనానికి రుచి మప్పడానికి పంచారు తప్ప, వాళ్ల ఇంటి ఖర్చు తగ్గించడానికి కాదు. ఇప్పటి కిటుకు ఇంకోటి. ధర పట్టించుకుని వెతికేవాళ్లకు ఒక రేటు, ఓపిక లేనివాళ్లకు ఇంకో రేటు. జారీ అయిన కూపన్లలో చాలా మటుకు ఎవరూ వాడరని కంపెనీలకు ముందే తెలుసు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు, రెండు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, చదువు రానివాళ్లు పూర్తి రేటు కడతారు. అందరికంటే తగ్గింపు అవసరమైనవాళ్లు వాళ్లే. ఫోన్ నంబర్ ఇచ్చి తగ్గింపు తీసుకున్నవాళ్లు ఏ నెల ఏం కొన్నారో ఆ షాపుకు ఊరికే అప్పజెప్పారు.

జనానికే కూపన్లంటే మోజు అని వ్యాపారులు అంటారు. ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ 2012లో కూపన్లు ఎత్తేసి, రోజూ ఒకటే తక్కువ ధర అంది. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. మరుసటి ఏడాది ఆ మార్పు తెచ్చిన సంస్థ పెద్ద అధికారిని పంపేసి కూపన్లు తిరిగి తెచ్చారు. నిజమే. ఏళ్ల తరబడి ధర పెంచి తగ్గించే ఆట అలవాటు చేసి, ఒక్క రోజులో మానేస్తే జనం నమ్ముతారా?

అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వినియోగదారుడికి సమాచారం పొందే హక్కు ఉందని అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1962 మార్చి 15న చెప్పాడు. ఏటా ఆ తేదీన వినియోగదారుల హక్కుల దినం జరుపుతారు. ఓ సభ, ఓ ఫ్లెక్సీ, పూలదండలు, మర్నాడు మీ పేపర్లో ఓ ఫొటో. కిలోకి, లీటరుకి ఎంత పడుతుందో కూడా ధరతో పాటు రాయాలని యూరోపియన్ యూనియన్ 1998లోనే నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నచోట కూడా అది భూతద్దానికే కనిపించే సైజులో ఉంటే ఏం ప్రయోజనం? తనిఖీకి వచ్చే ఆఫీసర్లు ఎప్పుడైనా కళ్లజోడు తీసి చదివారా?

ఈసారి మార్చి 15కి ఫ్లెక్సీలు మానేసి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. తగ్గింపు అంకె ఏ సైజులో వేస్తారో షరతులూ అదే సైజులో వేయాలని. కాగితంలో చోటు చాలదని కంపెనీలు అంటాయేమో. అయితే షరతులు తగ్గించుకోమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు