ఇంటి కాన్పు: పోలిక సరిగ్గా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి కాన్పు మంచిదా, ఆసుపత్రి కాన్పు మంచిదా అన్న చర్చలో ఆటోలో అయిపోయిన కాన్పునూ, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌తో ముందే ఏర్పాటు చేసుకున్న కాన్పునూ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇది అన్యాయం. బీపీ, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ ఉన్నవాళ్లు ఎలాగూ ఆసుపత్రికే వెళ్తారు కాబట్టి ఆసుపత్రి కాన్పుల లెక్కలనూ ఇంటి కాన్పుల లెక్కలతో నేరుగా పోల్చలేం.

2011లో వెలువడిన ఇంగ్లండ్ అధ్యయనం రిస్క్ తక్కువున్న సుమారు 64 వేల కాన్పులను, ఎక్కడ కనాలనుకున్నారో దాన్నిబట్టి చూసింది. మలి కాన్పుల్లో బిడ్డకు ముప్పు విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొలిచూలులో మాత్రం బిడ్డకు తీవ్రమైన ఇబ్బందులు ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంట్లో 9.3. పైగా ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు తల్లుల్లో దాదాపు 45 శాతం మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది.

కాన్పయ్యాక గర్భసంచి బిగుసుకోకపోతే పొట్ట చేతికి మెత్తగా తగులుతుంది, కింద గుడ్డ రక్తంతో తడుస్తూనే ఉంటుంది. అప్పుడు గర్భసంచిని బిగుసుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ చేతికి అందేలా ఉందా? బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ఊపిరి అందించే బ్యాగు, మాస్కు ఉన్నాయా? అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది? ఇంటి కాన్పు గురించి రాసేటప్పుడు దయచేసి ఈ వివరాలు కూడా రాయించండి.

— ఒక పాఠకురాలు