డాక్టర్ పేరు రాయండి, అప్పుడు సంతకం పెడతాను

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ క్రీడా పేజీలో పాత బాక్సింగ్ పోరాటాల మీద వేసిన వ్యాసం చదివాను. అందులో ఇంగ్లండ్ మిడిల్ వెయిట్ బాక్సర్ మైఖేల్ వాట్సన్ గురించి మూడు పేరాలున్నాయి. రెండున్నర పేరాలు పంచ్‌ల గురించే. చివర్లో 'తీవ్రంగా గాయపడి ఆటకు దూరమయ్యాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రాసినాయన్ని తప్పు పట్టడం లేదు, పేజీలో జాగా ఎంతుంటుందో నాకూ తెలుసు. కానీ ఆ ఒక్క ముక్క వెనకున్న కథ మన నిజామాబాద్ పిల్లలకు చాలా అవసరం. ముప్పయ్యేళ్లు పీఈటీగా పనిచేసి రిటైరైన వాణ్ని, ఇప్పుడు బాక్సింగ్ నేర్చుకుంటున్న ఒక మనవరాలికి తాతను. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆటగాడి సంగతి. వాట్సన్ 1965లో లండన్‌లోని హాక్నీలో పుట్టాడు. మిడిల్ వెయిట్ అంటే 160 పౌండ్లు, మన లెక్కలో డెబ్బై రెండున్నర కిలోలు. ఎనభైల చివర్లో ఇంగ్లండ్‌లో ఆ బరువులో ముగ్గురు మొనగాళ్లు ఒకేసారి తయారయ్యారు: నైజెల్ బెన్, క్రిస్ యూబ్యాంక్, వాట్సన్. మొదటి ఇద్దరికీ ఆర్భాటం ఎక్కువ. వాట్సన్‌ది మాత్రం నోరు మెదపకుండా పని చూసుకునే తీరు.

1989 మే 21న ఫిన్స్‌బరీ పార్కులో వేసిన పెద్ద గుడారంలో కామన్వెల్త్ టైటిల్ కోసం బెన్‌తో తలపడ్డాడు. బెన్ అప్పటికి ఆడినవి 22 పోటీలు, గెలిచినవి 22, అన్నీ నాకౌట్లే. గంట మోగిన దగ్గర్నుంచి పిడుగుల్లా గుద్దుతూనే ఉన్నాడు. వాట్సన్ రెండు గ్లౌజులూ చెంపలకు ఆనించి, మోచేతులు డొక్కలకు దగ్గరగా బిగించి, ఆ వాన తగ్గేదాకా ఓపిక పట్టాడు. మధ్యలో సందు దొరికినప్పుడల్లా ఒకటి తగిలించడం, మళ్లీ తలుపు వేసుకోవడం. ఆరో రౌండ్‌కి బెన్ చేతులు బరువెక్కాయి. అప్పుడు పడింది ఒక ఎడమచేతి జాబ్. అందరూ దూరం కొలుచుకోవడానికి వాడే మామూలు పంచ్. దానికే బెన్ వెల్లకిలా పడ్డాడు, పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు. డిఫెన్స్ అంటే భయం కాదు అని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. ఫోన్లో ఆ వీడియో ఎంతమందికి చూపించానో లెక్కలేదు.

ఆ మరుసటి ఏడాది రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రపంచ టైటిల్ కోసం జమైకా వాడు మైక్ మెకలమ్‌తో ఆడి పదకొండో రౌండ్లో ఓడిపోయాడు. మెకలమ్ వేరే మెట్టు ఆటగాడు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంకో సంగతి మీ వ్యాసంలో లేదు. వాట్సన్ తన మేనేజర్ మీద కోర్టుకెళ్లాడు. మేనేజరే పోటీలు పెట్టే ప్రమోటర్ కూడా అయితే ఆటగాడికి ఎక్కువ డబ్బు ఇప్పించాల్సిన మనిషీ, తక్కువ ఇవ్వాలని చూసే మనిషీ ఒక్కడే అవుతాడు కదా! 1991లో కోర్టు అదే మాట అని, ఆ ఒప్పందం చెల్లదంది. అంటే రింగ్ బయట కూడా తన హక్కు తెలిసిన మనిషన్నమాట. తర్వాత జరిగిన దానికి ఇది గుర్తుంచుకోవాలి.

1991 జూన్‌లో యూబ్యాంక్‌తో మొదటి పోటీ. పాయింట్ల మీద కొద్దిలో ఓడాడు. వాట్సనే గెలిచాడని చాలామంది అన్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. అందుకే సెప్టెంబర్ 21న టాటెన్‌హామ్ ఫుట్‌బాల్ మైదానం వైట్ హార్ట్ లేన్‌లో, ఒక మెట్టు పై బరువైన సూపర్ మిడిల్ వెయిట్‌లో మళ్లీ పెట్టారు. పదకొండో రౌండ్ దాకా వాట్సన్‌దే పైచేయి. ఆ రౌండ్ చివర్లో యూబ్యాంక్‌ను కింద పడగొట్టాడు కూడా. యూబ్యాంక్ లేచాడు, లేస్తూనే ఒక అప్పర్‌కట్, అంటే కింద నుంచి పైకి గడ్డానికి తగిలే గుద్దు, వేశాడు. వాట్సన్ వెనక్కి పడ్డప్పుడు మెడ వెనక భాగం తాడుకు కొట్టుకుంది. గంట మోగింది. పన్నెండో రౌండుకి వచ్చాడు కానీ అది అలవాటు కొద్దీ నిలబడ్డ ఒళ్లు, అంతే. రెఫరీ ఆపేశాడు. కాసేపటికి వాట్సన్ రింగ్‌లోనే కూలిపోయాడు.

అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. జనం తోసుకొచ్చారు, గలాటా అయింది. డాక్టర్ దగ్గరికొచ్చి చూసేసరికి ఏడు నిమిషాలు. మొదటి ఆసుపత్రికి చేరేసరికి దాదాపు అరగంట. అక్కడ గొంతులో గొట్టం వేసి ఆక్సిజన్ ఇచ్చారు, కానీ మెదడు ఆపరేషన్ చేసే విభాగం అక్కడ లేదు. మళ్లీ సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రికి తరలించారు. తల లోపల చిన్న రక్తనాళం చిట్లితే రక్తం చేరి మెదడును నొక్కేస్తుంది. గుద్దు చేసే హాని ఒకటైతే, ఆ తర్వాత ఊపిరి సరిగా అందక నిమిషనిమిషానికీ పెరిగే హాని ఇంకొకటి. మొదటిది ఆటలో భాగం. రెండోది ఏర్పాట్లు లేక వచ్చింది. వాట్సన్ 40 రోజులు కోమాలో ఉన్నాడు, పీటర్ హామ్లిన్ అనే సర్జన్ ఆరు ఆపరేషన్లు చేశాడు. మనిషి బతికాడు. ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో ఉన్నాడు.

ఆయన యూబ్యాంక్ మీద కేసు వేయలేదు. బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు మీద వేశాడు. రూల్స్ రాసేది మీరు, లైసెన్సులిచ్చేది మీరు, రింగ్ పక్కనే ప్రాణం నిలిపే పరికరాలూ అవి వాడటం వచ్చిన మనుషులూ ఉండాలని ఎందుకు రాయలేదు అన్నది ప్రశ్న. 1999లో గెలిచాడు. బోర్డు అప్పీలుకెళ్లింది, 2000 డిసెంబర్‌లో అక్కడా ఓడిపోయింది. గుద్దులు తినడానికి ఒప్పుకొనే రింగ్ ఎక్కాడు నిజమే, కానీ రక్షణ ఏర్పాట్లలో నిర్లక్ష్యానికి ఒప్పుకోలేదు కదా అన్నది ఆ తీర్పు సారం. బోర్డుకు బీమా కూడా లేదు. చివరికి 4 లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది. రావాల్సిన దానితో పోలిస్తే అది చాలా తక్కువ.

మార్పు మాత్రం తీర్పు దాకా ఆగలేదు. రింగ్ పక్కన మత్తు డాక్టర్, దగ్గర్లోని న్యూరోసర్జరీ ఆసుపత్రికి ముందే కబురు, ఇవన్నీ వాట్సన్ దెబ్బ తిన్నాకే గట్టిపడ్డాయి. 1995లో అదే లండన్‌లో బెన్‌తో ఆడి అమెరికన్ జెరాల్డ్ మెక్లెలన్ కూలిపోతే, వెంటనే వైద్యం అందబట్టే ప్రాణం దక్కింది. చూపు పోయింది, మళ్లీ మామూలు మనిషి కాలేదు. బాక్సింగ్ ప్రమాదం లేని ఆట అని నేను చెప్పబోవడం లేదు.

ఇప్పుడు మన సంగతికొస్తాను. నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మా ఊళ్లో ఆడపిల్లలు గ్లౌజులు అడుగుతున్నారు. మా ఊరి బాక్సర్ హుసాముద్దీన్ కామన్వెల్త్ పతకాలు చూసి మగపిల్లలు వస్తున్నారు. చూస్తుంటే కడుపు నిండుతుంది. పోయిన ఏడాది మనవరాలిని ఒక పోటీకి తీసుకెళ్లాను. ఎవరు పెట్టారో రాయను, ఒకరిని వేలెత్తి చూపితే మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ముఖ్య అతిథి వచ్చేసరికి గంటన్నర ఆలస్యం. శాలువాలు పదకొండు, నేనే లెక్కపెట్టాను. మైకు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో పోటీలో పద్నాలుగేళ్ల పిల్లాడు దెబ్బ తిని పడ్డాడు. తలకు హెడ్‌గార్డ్ ఉంది, కానీ అది నుదురు చిట్లకుండా ఆపుతుందే తప్ప లోపల మెదడు కదలకుండా ఆపదు. కోచ్ పరుగెత్తాడు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి టిఫిన్‌కు వెళ్లాడు. తాళం తీశాక చూస్తే దూది, డెటాల్ సీసా, సగం అయిపోయిన నొప్పి స్ప్రే. డాక్టర్ పేరు కరపత్రంలో ఉంది, మనిషి లేడు. పిల్లాడు రెండు నిమిషాలకు లేచి కూర్చుని నీళ్లు తాగాడు, దేవుడి దయ. వాళ్లమ్మ మాత్రం సాయంత్రం దాకా వాడి చెయ్యి వదల్లేదు.

2022 జులైలో బెంగళూరులో కిక్ బాక్సింగ్ పోటీలో దెబ్బ తిని మైసూరు కుర్రాడొకడు చనిపోయాడు. అక్కడ సరైన వైద్య ఏర్పాట్లు లేవని ఆరోపణలొచ్చాయి. కాబట్టి ఇది లండన్ కథ మాత్రమే అనుకోవడానికి వీల్లేదు.

ఖర్చు మాటెత్తుతారు, తెలుసు. లండన్ ప్రొఫెషనల్ పోటీకి ఉండే హంగులన్నీ జిల్లా పోటీకి కావాలని అడగడం లేదు. ఊపిరి అందించడం వచ్చిన డాక్టర్ ఒకరు, ఆక్సిజన్ సిలిండర్, గేటు దగ్గర డ్రైవర్‌తో సహా అంబులెన్స్, తల స్కాన్ చేసి ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి ముందురోజే ఒక ఫోన్. ఇవి లేకపోతే గంట కొట్టకూడదని సంఘాలు తమ రూల్స్‌లో రాయాలి, మైదానానికి అనుమతిచ్చే అధికారులు అది చూసే సంతకం పెట్టాలి. శాలువాలు తగ్గించుకుంటే సిలిండర్ అద్దె వస్తుంది. ఇంగ్లండ్ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదని నాకు తెలుసు, కానీ అందులోని ప్రశ్న ఇక్కడా అడగొచ్చు.

మీకూ ఒక మనవి. ఈసారి వాట్సన్ గురించి వేస్తే 2003 లండన్ మారథాన్ ఫొటో వేయండి. ఇక నడవడేమో అనుకున్న మనిషి ఆ 42 కిలోమీటర్లను ఆరు రోజులు నడిచి పూర్తి చేశాడు. ఆయనతోపాటు నడిచిన వాళ్లలో సర్జన్ హామ్లిన్ ఉన్నాడు, యూబ్యాంక్ కూడా ఉన్నాడు.

వచ్చే నెల మళ్లీ సెలెక్షన్లట. ఫారం ఇంటికొచ్చింది. చివరి పేజీలో 'ఏ ప్రమాదం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదు' అని ఒక లైను, కింద తల్లిదండ్రుల సంతకం. అల్లుడు దుబాయ్‌లో ఉంటాడు కాబట్టి పోయినసారి చదవకుండా నేనే పెట్టేశాను. ఈసారి ఆ లైను పక్కన 'డ్యూటీ డాక్టర్ పేరు, ఆసుపత్రి పేరు' అని రాసి రెండు గీతలు గీసి ఖాళీ వదిలి పంపించాను. అవి నింపి తిప్పి పంపితే సంతకం పెడతాను. పిల్ల నా మీద అలిగింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
నిజామాబాద్