‘అకీరా’ ఆగిపోతే నష్టమేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

జపాన్ కామిక్ ‘అకీరా’ను హాలీవుడ్‌లో నటీనటులతో తీసే ప్రయత్నం మూలన పడిందని మీ సినిమా పేజీలో తెగ బాధపడిపోతూ రాశారు. నాకైతే హమ్మయ్య అనిపించింది. 2002లో హాలీవుడ్ సంస్థ వార్నర్ బ్రదర్స్ హక్కులు తీసుకుంది, ఆ తర్వాత దర్శకులు మారారు, స్క్రిప్టులు మారాయి, 2012లో పని ఆపేశారు, మళ్ళీ దర్శకుడిగా తైకా వైటిటి వచ్చాక 2021 మే 21 అని రిలీజ్ డేట్ కూడా వేశారు, ఆయనేమో థోర్ సినిమాకి వెళ్ళిపోయాడు, చివరికి 2025లో హక్కులు తిరిగి ఆ కామిక్ ప్రచురణ సంస్థ కొదాన్షా చేతికే వెళ్ళాయి. కొబ్బరికాయ కొట్టి ఆగిపోయే మన సినిమాలే నయం, ఇన్నేళ్ళు ఊరించవు.

ఆలస్యం సంగతి అలా ఉంచండి. ఒక దశలో కథని టోక్యో నుంచి తీసేసి ‘న్యూ మన్‌హాటన్’లో పెడదామనుకున్నారు. కత్సుహిరో ఒటోమో 1982లో మొదలుపెట్టిన ఈ కామిక్ మొదటి పేజీల్లోనే టోక్యో ఒక్క పేలుడుకి తుడిచిపెట్టుకుపోతుంది, తర్వాత అక్కడే కొత్త నగరం కట్టుకుంటారు, 2019 నాటికి ఒలింపిక్స్ ఏర్పాట్లు ఒకపక్క, బైకు గ్యాంగులు, ప్రభుత్వం దాచిపెట్టిన ప్రయోగాలు ఇంకోపక్క. అణుబాంబులు పడిన దేశం రాసుకున్న కథ అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా, ఆ రోజు కథని ఎవరైనా సముద్రమే లేని ఊళ్ళో తీస్తానంటే మనం ఊరుకుంటామా?

పైగా 1988లో ఒటోమో తనే యానిమేషన్ సినిమా తీశాడు. గొప్ప సినిమానే, కాదనను, కానీ అప్పటికి కామిక్ పూర్తే కాలేదు, 1990 దాకా నడిచింది, మొత్తం ఆరు సంపుటాలు, రెండు వేలకు పైగా పేజీలు. కామిక్‌లో అకీరా అనే పాత్ర బతికున్న పిల్లాడు, సినిమాలోనేమో గాజు జాడీల్లో భద్రపరిచిన అవశేషాలు. రాసినవాడే రెండు గంటల్లో ఇమడ్చడానికి అంత మార్చాల్సి వచ్చిందంటే, కమిటీలు కూర్చుని తీసేవాళ్ళ చేతిలో ఏం మిగిలేదో! అసలు ఆ పుస్తకం బలమంతా పేజీల్లోనే ఉంది. మాటల్లేకుండా పేజీల కొద్దీ భవనాలు కూలుతుంటాయి, ఎంతసేపు చూడాలో మన ఇష్టం.

అందుకే ఒక మనవి. హక్కులు ఇంకెవరు కొంటారు, హీరో ఎవరు అనే ఊహాగానాలు ఆపి, మీ ఆదివారం సంచికలో అసలు కామిక్ గురించి ఒక మంచి వ్యాసం వేయండి. పిల్లల పేజీలో మాత్రం వేయకండి, హింస, మాదకద్రవ్యాలు చాలానే ఉన్నాయి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వారు కూడా ఇది చదివితే, ఇంగ్లీషు అనువాదం ఆరు సంపుటాలూ తెప్పించమని అడుగుతున్నాను. ఒక్కొక్కళ్ళం విడిగా కొనుక్కోవాలంటే ధర గట్టిగానే ఉంది.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం