ఆకాశం వార్తలు మన డాబా లెక్కలో రాయండి

ఎడిటర్ గారికి,

డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో ఒక వార్త తప్పదు: ‘ఆకాశంలో జెమినిడ్ ఉల్కల వర్షం, గంటకు 120’. అది చదివి పిల్లల్ని లేపి డాబా ఎక్కినవాళ్లు అరగంట చూస్తారు. ఒకటో రెండో రాలితే ‘అంతా ఉత్తదే’ అనుకుని దిగిపోతారు. వార్తలో అబద్ధం లేదు, లెక్కే మనది కాదు. ఉల్కలు వెలువడే చోటు నడినెత్తిన ఉండాలి, 6.5వ తరగతి (చుక్కల కాంతికి కొలత ఇది, అంకె పెరిగే కొద్దీ చుక్క మసక) మసక చుక్కలు కూడా కంటికి ఆనేంత చీకటి ఉండాలి, చుట్టూ గోడా చెట్టూ అడ్డం రాకూడదు. అలా చూస్తే వచ్చే అంకె 120. దీపాల వెలుగుకు ఆకాశం ఒక్కో తరగతి తెల్లబడే కొద్దీ ఉల్కల సంఖ్య సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. నాలుగో తరగతి చుక్కలే కనిపించే పట్నం శివార్లలో ఆ 120 కాస్తా పదీ పన్నెండుకు దిగుతుంది. ఈ ఒక్క ముక్క వార్తలో వేస్తే ఎవరూ మోసపోయామనుకోరు.

తేదీతో ఇంకో తంటా. ‘డిసెంబర్ 14 తెల్లవారుజామున 2 గంటలకు’ అని రాస్తారు. మన ఇళ్లల్లో రోజు మారేది సూర్యోదయంతో. కాబట్టి చాలామంది 14 రాత్రి పడుకుని, అలారం పెట్టుకుని, ఒక రోజు ఆలస్యంగా లేస్తారు. ‘13 రాత్రి తెల్లవారితే 14’ అని రాయండి. ఏజెన్సీ కాపీలో ఉన్నది గ్రీనిచ్ సమయమైతే 5.30 గంటలు కలపడం మరవొద్దు. వెన్నెల సంగతీ చెప్పాలి. 2024లో ఈ జెమినిడ్ ఉల్కలు పౌర్ణమి ముంగిట పడ్డాయి, మసకవన్నీ వెన్నెల్లో కలిసిపోయాయి.

వీటిని చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి 10 దాటాక చాప పరుచుకుని పడుకుని, అన్నిటికంటే చీకటిగా ఉన్న దిక్కున సగం ఎత్తుకు చూపు పెట్టాలి. ఉల్కలు పునర్వసు జంట చుక్కల దగ్గర నుంచి వస్తున్నట్టుంటాయి గానీ అటే చూస్తూ కూర్చోకూడదు, అక్కడ గీతలు పొట్టిగా పడతాయి. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. టార్చ్ తప్పనిసరైతే దానికి ఎర్ర జిలుగు కాగితం రెండు పొరలు చుట్టండి.

ఉల్కలు ఒకటి రెండు రాత్రుల ముచ్చట. చలికాలం పొడుగునా ఉండే వాటి గురించి మాత్రం పత్రికల్లో ఒక్క ముక్కా రాదు. ఒకే వరసలో ఉండే మూడు చుక్కల గొల్లకావడినే తీసుకోండి. వాటిలో ముందు పొడిచే మింటాకా ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఆనుకుని ఉంది. అందుకే ఏ ఊరి నుంచి చూసినా సరిగ్గా తూర్పున పొడిచి సరిగ్గా పడమట కుంకుతుంది. స్లాబులోని ఇనుప చువ్వల పక్కన ఫోన్ దిక్సూచి దారి తప్పుతుంది గానీ ఇది తప్పదు. డిసెంబర్ మధ్యలో పొద్దుగూకిన గంటకు తూర్పున మూడు చుక్కలూ నిలువుగా నిలబడతాయి. ఆ గీతను పైకి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకాస్త పైకి పిల్లలకోడి (కృత్తిక). కిందికి పొడిగిస్తే, రాత్రి 8 దాటాక, లుబ్ధకుడు (సిరియస్). అది దిగంతం దగ్గర ఎరుపూ నీలమూ పచ్చా మెరిసి డ్రోన్ అనిపిస్తుంది. గాలి పొరల పనే అది, పైకి వచ్చాక తెల్లబడుతుంది. గొల్లకావడికి ఒక పక్క ఆర్ద్ర ఎర్రగా, ఇంకో పక్క రైజెల్ నీలి తెలుపుగా ఉంటాయి. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర బాగా మసకబారితే పేలిపోతోందని వార్తలొచ్చాయి. అది కక్కిన ధూళే దానికి అడ్డం వచ్చింది, కొన్ని నెలలకు మళ్లీ మామూలైంది.

నన్నడిగితే అందరికీ చూపించాల్సింది అగస్త్య నక్షత్రం (కానోపస్). రాత్రి చుక్కల్లో కాంతికి లుబ్ధకుడి తర్వాత ఇదే. చేయి చాచి పట్టిన పిడికిలి 10 డిగ్రీలనుకుంటే, హైదరాబాద్, విజయవాడల్లో ఇది సరిగ్గా దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తు దాటదు. తిరుపతిలో ఇంకొంచెం పైన. సంక్రాంతికి రాత్రి 11 ప్రాంతంలో, ఫిబ్రవరి ఆఖరుకు 8 గంటలకే ఆ ఎత్తులో ఉంటుంది. దానికి నెత్తిన మూడున్నర పిడికిళ్ల పైన లుబ్ధకుడు. దక్షిణం వైపు ఊరి దీపాలుంటే మసకేసి, సెల్ టవర్ దీపమేమో అనిపిస్తుంది. అనుమానముంటే గోడ అంచుకు ఆనించి చూడండి: పావుగంటలో రెండు చిటికెనవేళ్ల మందం పడమటికి జరుగుతుంది. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ఇది దిగంతానికి అరపిడికిలి పైన మాత్రమే తేలుతుంది. న్యూజెర్సీలో, లండన్‌లో అసలు పొడవదు. మెల్‌బోర్న్‌లో కుంకనే కుంకదు.

బైనాక్యులర్ ఉంటే 7×50 గానీ 10×50 గానీ చాలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). అంతకన్నా పెద్దవి చేతిలో వణుకుతాయి. గొల్లకావడి కింద వేలాడే మసక చుక్కల్లో నిహారిక, అంటే వాయువు, ధూళి మేఘం, పొగలా కనిపిస్తుంది. అద్దంపై మంచు పట్టితే తుడవొద్దు, పూత గీసుకుపోతుంది. ఫ్యాన్ గాలికి ఆరనివ్వాలి. డెల్టా ఊళ్లలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది కాబట్టి ముందురాత్రే మేలు. నెల్లూరు, తిరుపతి వైపు డిసెంబర్‌లో మబ్బులు వదలవు, జనవరి దాకా ఆగాలి. భోగి తెల్లవారి పొగలో ఏమీ కనపడదు, ఆ ఒక్కరోజుకు వదిలేయండి.

మీ ఆదివారం పేజీలో పంచాంగం పక్కన చిన్న పెట్టె ఇస్తే చాలు. ఏ చుక్క, ఏ దిక్కు, ఎన్ని పిడికిళ్ల ఎత్తు, మన సమయంలో ఎన్ని గంటలకు, చంద్రుడు ఎప్పుడు పొడుస్తాడు. ఇంకొక్క మాట: 2025 జనవరిలోలా మళ్లీ చాలా గ్రహాలు ఒకే రాత్రి ఆకాశంలో ఉన్నప్పుడు ‘గ్రహాల కవాతు’ అని రాయాల్సి వస్తే, యురేనస్‌కు బైనాక్యులర్, నెప్ట్యూన్‌కు టెలిస్కోప్ కావాలని అదే వాక్యంలో వేయండి.

— ఒక ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా