వేసుకునే రోజు రాకముందే వాపసు గడువు అయిపోయింది

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: రొమ్ముల తగ్గింపు సర్జరీ తర్వాత వాడమని మీరు అమ్మిన 2 బ్రాలు, వాటి వాపసు గడువు, పెట్టెలో పెట్టిన సలహాల కాగితం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

నా ఆపరేషన్‌కి 16 రోజుల ముందు మీ సైట్‌లో రెండు బ్రాలు ఆర్డర్ చేశాను. ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకొకటి ఒంటిమీద ఉండాలని రెండు. ముందుగా కొనమన్నది మీరే. "సర్జరీ రోజుకి చేతిలో ఉండేలా రెండు వారాల ముందే ఆర్డర్ చేయండి" అని పేజీ పైన పెద్ద అక్షరాల్లో ఉంది. అదే పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, సరుకు అందిన 7 రోజుల్లోపే వాపసు తీసుకుంటామని ఉంది. ఈ రెండు మాటలూ రాసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేదు. పార్సిల్ నాకు సర్జరీకి 12 రోజుల ముందు అందింది. అంటే నేను ఆ బ్రాని మొదటిసారి వేసుకోగలిగే రోజుకి మీ గడువు ఎప్పుడో దాటిపోయింది.

"రాగానే వేసి చూసుకోవాల్సింది మేడమ్" అని మీ చాట్‌లో ఉన్నతను రాశాడు. ఏం చూసుకోను? తగ్గాక వేసుకోవాల్సినదాన్ని తగ్గకముందు వేసుకుంటే అది పైకి కూడా ఎక్కదు. నాకు రెండు వైపులా కలిపి 1,100 గ్రాములు తీశారు. అంత తేడా వచ్చే చోట ముందే వేసి చూడమనడం ఏం సలహా?

ఈ సర్జరీకి నేను సరదాగా వెళ్లలేదు. మీ మనిషి రెండుసార్లు దీన్ని "బ్యూటీ సర్జరీ" అన్నాడు కాబట్టి చెబుతున్నాను. భుజాల మీద స్ట్రాప్‌లు దిగబడి పడిన గాట్లు, ఏళ్ల తరబడి మెడనొప్పి, రొమ్ము కింది మడతలో చెమటకి ఒరిసి మానీ మానకముందే మళ్లీ వచ్చే పుండ్లు, వీటితో వెళ్లాను.

సిద్ధపడటంలో కూడా నేను లోటు చేయలేదు. ఏ మందులు ఎప్పుడు ఆపాలో సర్జన్‌ని అడిగి, రక్తం పలచబరిచే నొప్పి మాత్రలు ఆయన చెప్పిన రోజు నుంచి మానేశాను. ముందు బొత్తాలున్న చొక్కాలు తీసి పెట్టుకున్నాను. చేతులు పైకెత్తకూడదు కాబట్టి రోజూ కావలసిన సామాన్లన్నీ నడుము ఎత్తుకి దించాం. వీపు మీద, తల ఎత్తులో ఉండేలా పడుకోవాలి కాబట్టి దిండ్లు పేర్చుకుని వారం ముందు నుంచే అలవాటు చేసుకున్నాను. ఇన్నిటిలో నా చేతిలో లేనిది ఒక్క బ్రా. దాన్ని మీమీద వదిలేశాను.

ఇక అసలు సంగతి. మూడో రోజు, గాయంలో ఊరే నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ ట్యూబులు తీసేసి, కట్టు మార్చి, ఇక బ్రా వేసుకోవచ్చన్నారు. మా అక్క సంచిలోంచి మీ బ్రా తీసి ఇచ్చింది. నర్స్ దాన్ని మంచం మీద పరిచి, లోపలి వైపు తిప్పి, అడుగు పట్టీ వెంట వేలు పోనిచ్చింది. రొమ్ము కింద సరిగ్గా మడత వచ్చే చోట, గట్టి నైలాన్ దారంతో వేసిన లావుపాటి కుట్టు ఉంది. నర్స్ వేలు అక్కడే ఆపి, "ఈ కుట్టు పోయి మీ కుట్టు మీదే కూర్చుంటుందమ్మా" అంది.

మీ కంపెనీలో ఈ బ్రాని డిజైన్ చేసినవాళ్లకి ఈ ఆపరేషన్‌లో కోత ఎక్కడ పడుతుందో తెలుసా? చాలామందికి వేసేది లంగరు ఆకారపు కోత. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున ఒకటి, అక్కడి నుంచి నిలువుగా కిందికి ఒకటి, రొమ్ము కింది మడత వెంట అడ్డంగా ఒకటి. నిలువు కోత వచ్చి అడ్డం కోతని కలిసే మూల ఉంది చూశారూ, అక్కడ చర్మం బిగువు ఎక్కువ, మానడం ఆలస్యం. మీ పట్టీ కుట్టు పడుతున్నది ఆ మూల మీదే.

నర్స్ మడతపెట్టిన గాజుగుడ్డ అడ్డంపెట్టి ఎలాగోలా వేసింది. ఇక జిప్. ముందు జిప్ అని చూసి కొన్నాను, నిజంగానే ముందే ఉంది. కానీ జిప్ పళ్లకి, ఒంటికి మధ్య గుడ్డ మడత లేదు. పైగా అది కింది నుంచి పైకి లాగాలి, మొదట రెండు అంచులనీ దగ్గరికి బలంగా లాగి పట్టుకోవాలి. ఆపరేషన్ అయిన మూడో రోజున సీసా మూత తిప్పడానికే భయపడే మనిషి ఆ బలం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? ప్రతిసారీ అక్క పట్టుకుంటే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. స్ట్రాప్ పొడవు సరిచేసే క్లిప్పులు వీపు మీద ఉన్నాయి. చేతులు వెనక్కి తిప్పవద్దని డాక్టర్ చెప్పిన మనిషికి అమ్ముతూ క్లిప్పులు వీపు మీద పెట్టారు! ఫొటోలో డ్రెయిన్ బుడ్డీలు తగిలించుకోవడానికి రెండు ఉచ్చులు కనిపిస్తాయి. వచ్చినవాటిలో అవి లేవు. నాకు డ్రెయిన్లు అప్పటికే తీసేశారు కాబట్టి సరిపోయింది, వాటితోనే ఇంటికి వెళ్లేవాళ్ల సంగతేంటి?

సైజు సంగతి ఇంకో కథ. మీ పట్టికలో అడిగింది "ప్రస్తుత కప్పు సైజు". మారబోయేదే అది కదా! మారకుండా ఉండేది, ఉన్నంతలో, రొమ్ము కింద ఛాతీ చుట్టుకొలత. అది అడిగి, వాపుకి కాస్త చోటు వదిలి, ముందు వైపు మూడు నాలుగు వరసల హుక్స్ ఇస్తే ఎవరికైనా పనికొస్తుంది. మొదటి వారాల్లో వాపు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. జిప్‌కి ఉన్నది ఒకటే కొలత. మొదటి వారం మీ బ్రా పక్కటెముకల మీద గీతలు పడేలా బిగిసింది. రెండో వారానికి అదే బ్రా వదులై, నడుస్తుంటే ఆసరా ఇవ్వడం మానేసింది. పగలూ రాత్రీ 6 వారాలు వేసుకోమన్న వస్తువు ఇది.

తొమ్మిదో రోజున ఎడమ వైపు, నేను పైన చెప్పిన ఆ మూల దగ్గరే, కుట్టు చిటికెన వేలి గోరంత మేర విచ్చుకుంది. న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: అది మీ బ్రా వల్లే అయిందని నేను అనను. ఆ చోట కొంచెం విచ్చుకోవడం ఈ ఆపరేషన్‌లో తరచూ జరిగేదేనని, డ్రెస్సింగ్‌తోనే మానుతుందని సర్జన్ చెప్పారు, మానింది కూడా. కానీ బ్రా చూసి ఆయన అన్న మాట ఒక్కటే, "ఇది ఇవాళే మార్చేయండి." అప్పటికప్పుడు లోపల కుట్టు తగలని, ముందు హుక్స్ ఉన్న మామూలు మెత్తటి బ్రా ఒకటి వేరేచోట కొన్నాం. దాని మీద "సర్జరీ" అన్న మాటే లేదు. మిగతా వారాలన్నీ దానితోనే గడిచాయి.

పెట్టెలో వచ్చిన సలహాల కాగితం గురించి విడిగా రాయాలి, ఎందుకంటే బ్రా కంటే అదే ఎక్కువ భయపెట్టింది. "మొదటి వారం నుంచే మచ్చల మీద నూనెతో మసాజ్ చేయండి" అని ఉంది. గాయం పూర్తిగా మూసుకోకుండా కుట్ల మీద నూనె రాయడం, రుద్దడం ఏ డాక్టర్ చెప్పారు మీకు? మసాజ్ అయినా, మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్లయినా గాయం పూర్తిగా మానాకే, అదీ సర్జన్ సరేనన్నాకే. "2 వారాల్లో మీకిష్టమైన వైర్ బ్రాలకి మారవచ్చు" అని ఇంకోటి. నాకు కనీసం 6 వారాలు వైర్ తగలనివ్వవద్దన్నారు. ఆకారం కుదురుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఖరీదైనవేవీ కొనవద్దని కూడా అన్నారు. బహుశా ఆ ముక్కే మీ కాగితంలో రాయబుద్ధి కాలేదేమో. జ్వరం వస్తే, ఒక్క వైపే ఉన్నట్టుండి వాచి ఎర్రబడితే, పిక్క నొప్పి పుడితే, ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మాత్రం ఎక్కడా లేదు. కూపన్ కోడ్ ఉంది.

చాట్‌లో 3 రోజులు తిరిగాను. వాడిన లోదుస్తులు వాపసు తీసుకోం అన్నారు, సరే, ఆ నియమం ఎందుకుందో నాకూ అర్థమవుతుంది. అయితే రెండోది వాడలేదు, ట్యాగ్ కూడా తీయలేదు అన్నాను. దానికి గడువు దాటిందన్నారు. గడువు దాటకముందు వాడలేను, వాడాక ఇవ్వలేను, వాడకపోయినా ఇవ్వలేను. మరి ఎవరు, ఎప్పుడు వాపసు ఇవ్వగలరో మీరే చెప్పండి.

నాకు కావలసింది ఇది. రెండు బ్రాలకీ కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి. సర్జరీ కోసం అమ్మే వస్తువులకి గడువుని పార్సిల్ అందిన రోజు నుంచి కాక, కొనేవాళ్లు చెప్పిన సర్జరీ తేదీ నుంచి లెక్కపెట్టండి. ఆ సలహాల కాగితం పెట్టెల్లో పెట్టడం ఇవాళే ఆపండి, ఇప్పటికే అది అందినవాళ్లకి అందులో తప్పులున్నాయని మెసేజ్ పెట్టండి. నా డబ్బు ఆలస్యమైతే ఓర్చుకుంటాను, ఈ చివరిది మాత్రం ఆలస్యం చేయకండి. ఈ వారం ఆపరేషన్ అయిన మనిషి ఎవరో ఆ కాగితం చదువుతూ ఉండొచ్చు.

అడుగు పట్టీ లోపలి కుట్టు, జిప్ వెనక భాగం, సలహాల కాగితం రెండు వైపులా, చాట్ మొత్తం ఫొటోలు తీసి దీనికి జతచేశాను. 15 రోజుల్లోగా మీ విభాగంలో ఒక మనిషి నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మెషీన్ పంపే మెయిల్‌ని జవాబుగా లెక్కలోకి తీసుకోను, ఇవే ఫొటోలతో వినియోగదారుల కోర్టుకి వెళ్తాను.

ట్యాగ్ తీయని రెండో బ్రా నా దగ్గరే ఉంది. మనిషిని పంపితే ఇచ్చేస్తాను. నేను వచ్చి పార్సిల్ చేయలేను, ఇంకా బరువులు ఎత్తకూడదు.

ఇట్లు,
మీ కస్టమర్