శాలువా కంటే ముందు పుట్టిన తేదీ

సంపాదకులకు,

అయ్యా,

మా మేనత్త ఇంట్లో ఏడు శాలువాలున్నాయి. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా ఏటా డిసెంబరు 16న విజయ దివస్ సందర్భంగా జరిగే మాజీ సైనికుల కుటుంబ దినోత్సవాల్లో కప్పినవే అన్నీ. ఒకదాన్ని చలికాలంలో దూడ మీద కప్పుతుంది. మిగతావి కవరు విప్పకుండా ట్రంకు పెట్టెలో, మా మామయ్య యూనిఫారం పక్కన పడి ఉన్నాయి.

శాలువా కప్పడం తప్పని నేననను. పోయిన డిసెంబరులో ఆమెను పార్వతీపురం నుంచి విజయనగరం తీసుకొచ్చింది నేనే. ఆ కల్యాణ మండపంలో ముందు మూడు వరుసలు అతిథులకు వదిలేశారు. అతిథులు పదిన్నరకు వస్తారన్నారు, పన్నెండు దాటాక వచ్చారు. పొద్దున్నే సాలూరు, బొబ్బిలి బస్సులు దిగి వచ్చిన ముసలివాళ్ళంతా నాలుగో వరుస నుంచి వెనక్కి సర్దుకున్నారు. వేదిక మీద ఆరుగురు మాట్లాడారు. ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన సంగతి, 93 వేల మంది బందీలుగా చిక్కిన సంగతి నలుగురు చెప్పారు. ఐదో ఆయన ఆ సంఖ్యను లక్ష చేశారు. మా వెనుక కర్ర పట్టుకుని కూర్చున్న పెద్దాయన ‘తొంభై మూడే బాబూ’ అని సరిదిద్దారు. మైకు ఆయన దగ్గర లేదు.

పిల్లల నృత్యాలు బాగున్నాయి. భోజనమూ బాగుంది. నా మాట భోజనాల దగ్గర చూసినదాని గురించి.

నేను 36 ఏళ్లు తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఎవరి చేతిలోనైనా కాగితాల సంచి కనిపిస్తే చూడకుండా ఉండలేను. వరుసలో నిలబడ్డ ఒకావిడ ప్లాస్టిక్ సంచిలోంచి భర్త పింఛను ఉత్తర్వు తీసి చూపించారు. ఆమెను చూసి పక్కావిడ, ఆమె వెనుక మరొకరు. చేయి కడుక్కునే లోపు పదకొండు మంది కాగితాలు చూశాను. తొమ్మిదింటిలో ఏదో ఒక తేడా ఉంది.

తేడా అంటే పెద్ద నేరమేమీ కాదు. అరవయ్యేళ్ల కిందట ఎక్కడో ఒక యూనిట్ గుమాస్తా తన చెవికి వినిపించినట్టు భార్య పేరు రాసుకున్నాడు. సర్వీసు కాగితంలో ఆమె సింహాచలం, ఆధార్‌లో సింహాచలమ్మ. మన ప్రాంతంలో ఇద్దరూ ఒకరేనని ఎవరినడిగినా చెబుతారు, కంప్యూటర్ చెప్పదు. ఇక చిరునామా. మా అత్త కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒకే ఇంట్లో ఉంది. మామయ్య సైన్యంలో చేరినప్పుడు ఆ ఇల్లు శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా అయింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం. గడప దాటకుండానే మూడు జిల్లాలు మారిందామె. కాగితాల మీద మూడు చోట్ల ఉన్న ముగ్గురు మనుషులు.

అన్నిటికంటే నష్టం చేస్తున్నది పుట్టిన తేదీ. కుటుంబ పింఛను తీసుకునేవారికి 80 ఏళ్లు నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా ఇవ్వాలి. 85 నిండితే 30, 90కి 40, 95కి 50, నూరేళ్లు నిండితే నూటికి నూరు శాతం. ఇది దయ కాదు, నిబంధన. కానీ ఎనభై నిండాయని తెలియాలంటే లెక్కల్లో పుట్టిన తేదీ ఉండాలి కదా. నేను చూసిన పాత ఉత్తర్వుల్లో భార్య పుట్టిన తేదీయే లేదు. మా అత్తకు ఆధార్‌లో 1944 జనవరి 1 అని వేశారు. (మన పల్లెల్లో ఆ వయసువాళ్ళు సగం మంది జనవరి ఒకటినే పుట్టారు!) ఆ లెక్కన చూసినా ఆమెకు ఎనభై నిండి ఏడాది దాటింది. దరఖాస్తు పెట్టాం. ఏడు నెలలకు, పేరులో తేడా ఉందని తిరిగి వచ్చింది. ఏ కార్యాలయం నుంచో చెప్పను. అక్కడి ఉద్యోగిని అనడానికీ లేదు, ఆయన ముందున్న కాగితంలో ఉన్నది అదే.

తేదీ అంటే నాకు మరొకటి గుర్తొస్తుంది. 1971లో నాకు పదకొండేళ్లు. మా నాన్న మా ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టరు. మామయ్య సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాసు శాపర్లలో ఉండేవారు, నదుల మీద వంతెనలు వేసే పని. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పడమటి స్థావరాల మీద బాంబులు వేశాయి. ఆ అర్ధరాత్రే ఇక్కడ విశాఖ సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అవన్నీ తర్వాత రేడియో చెప్పింది. మామయ్య ఎక్కడున్నారో మాత్రం చెప్పే రేడియో లేదు. ఆయన చిరునామాలో ఊరి పేరుండేది కాదు, 56 ఏపీఓ అని ఉండేది. ‘ఆ ఊరు ఎక్కడ అన్నయ్యా?’ అని అత్త అడిగితే, అది ఊరు కాదమ్మా, సైన్యం తపాలా నంబరు అని నాన్న చెప్పేవారు.

పక్క ఊరి నుంచి ఆమె రోజూ తపాలా సంచి వచ్చే వేళకు చంటివాణ్ని చంకనేసుకుని నడిచి వచ్చేది. యుద్ధం ముగిసిన నాలుగైదు రోజులకు ఉత్తరం వచ్చింది. నాన్న చదివి వినిపించారు. తాను క్షేమమట, చేను కోతలయ్యాయా, పిల్లవాడికి పళ్ళు వచ్చాయా. అంతా విని అత్త ఒక్కటే అడిగింది: ‘తేదీ ఏం వేశారు?’ నాన్న వెంటనే చెప్పలేదు. డిసెంబరు 1. యుద్ధం మొదలు కాకముందు రాసిన క్షేమం అది. రెండో ఉత్తరం సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. అప్పటిదాకా ఆమె సంచి వేళ తప్పలేదు.

బొబ్బిలి యుద్ధం జరిగింది 1757లో. జంగాలు ఊరూరా పాడబట్టి కోటలో ఉన్న మల్లమ్మదేవి పేరు ఇప్పటికీ మన పిల్లలకు తెలుసు. 1971 యుద్ధం నాటి ఇల్లాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. కుటుంబ దినోత్సవమని పేరు పెట్టి వాళ్ళ నోట ఒక్క మాట కూడా చెప్పించకపోతే ఎలా? నియాజీ సంతకం సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. సంచి కోసం నడిచిన సంగతి దొరకదు. సైనిక పాఠశాల ఉన్న జిల్లా ఇది. నాలుగో వరుసలో కూర్చున్నవాళ్ళు చెప్పేది రాసుకోవడానికి పదిమంది విద్యార్థులు దొరకరా?

నిర్వాహకులూ మాజీ సైనికులే. సొంత డబ్బు వేసుకుని అందరికీ భోజనం పెడుతున్నారు, వారి మీద నాకు ఫిర్యాదు లేదు. ‘పండగ పూట ఈ కాగితాల గోల ఎందుకండీ’ అని వారిలో ఒకరు నాతో అన్నారు. ఎందుకంటే ఈ ముసలివాళ్ళంతా ఏడాదికి ఆ ఒక్కరోజే ఒకచోట చేరతారు. శ్రీకాకుళంలోనైనా, ఇక్కడైనా అంతే. మర్నాడు ఎవరి పల్లె వారిది.

కాబట్టి వచ్చే డిసెంబరు 16న గుమ్మం పక్కన ఒక బల్ల వేయించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఒకరు, పింఛను పడే బ్యాంకుల నుంచి ఒకరు, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒకటి. నవంబరులో వేలిముద్ర పడక జీవన ధ్రువపత్రం ఆగిపోయినవారికి, ఫోనులో ముఖం చూపించి నమోదు చేసే పద్ధతి ఉందని కూడా చాలామందికి తెలియదు. చీర కొంగుతో బొటనవేలు తుడిచి తుడిచి యంత్రం మీద నొక్కుతూ ఉంటారు, పొలం పనిలో అరిగిన వేలు అది. ఇక గెజిటెడ్ అధికారి సంతకం కోసం వీళ్ళు మండల కేంద్రాల చుట్టూ తిరుగుతున్నారు. ఆ రోజు వేదిక మీద కనీసం నలుగురు గెజిటెడ్ అధికారులు రెండు గంటల పాటు కూర్చునే ఉంటారు. ముద్ర జేబులో వేసుకుని రమ్మని ఆహ్వాన పత్రికలోనే రాస్తే సరిపోతుంది.

దరఖాస్తులు నింపడానికి నేను ఉదయం ఎనిమిదింటికే వస్తాను. కలాలు, కార్బన్ కాగితాలు నేనే తెచ్చుకుంటాను. బల్ల మాత్రం కొంచెం ఎత్తుగా ఉన్నది వేయించండి, నాకు నడుము నొప్పి.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
విజయనగరం