బండి బ్యాటరీ గురించి బాపుకు

దుబాయి, అల్ కూజ్

బాపుకు, అవ్వకు నమస్తే. నేను ఇక్కడ మంచిగున్న.

పాలు పోసేటప్పుడు సెల్ఫ్ టక్ టక్ అని ఆగిపోతే, చీకట్ల క్యాన్లతోని బండిని నూకుకుంట ఇంటికొచ్చినవని అవ్వ చెప్పింది. ఆ మోకాలుతోని నువ్వు కిక్కు కొట్టలేవు. విన్నప్పటి సంది మనసు నిలుస్తలేదు. ఫోన్‌ల సగం మాటలు నీకు వినపడవు, అందుకే రాస్తున్న. తమ్ముడు చదివి చెప్తడు.

బ్యాటరీ మార్చాలని షాపాయన అన్నడట. మార్చుదాం, పైసలు పంపుత. కానీ ఇప్పటి తీరుగనే వాడితే కొత్తది కూడా ఎక్కువ దినాలు ఆగది.

నేను రోజంతా డెలివరీ బండి మీదనే ఉంట కదా. బిల్డింగు బిల్డింగుకు ఆపుడు, మళ్ల స్టార్టు చేసుడు. నువ్వు ఇంటింటికి పాలు పోసేది కూడా అసొంటి పనే. దూరం పోయే బండి కంటే ఇట్ల ఆగి ఆగి పోయే బండి బ్యాటరీకే కష్టం ఎక్కువ. సెల్ఫ్ మోటరు 50 ఆంపియర్లు గుంజుతదనుకో. బటన్ మూడు సెకన్లు పట్టుకుంటే పోయిన కరెంటు, ఒక్క ఆంపియరు చొప్పున మళ్ల ఎక్కాలంటే రెండున్నర నిమిషాలు బండి నడవాలె. మన వాడకట్టుల ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నిమిషం కూడా పట్టదు. మన 100 సీసీ బండి బ్యాటరీ చిన్నది, 3, 4 ఆంపియర్ అవర్లదే, అంటే ఒక్క ఆంపియరు చొప్పున వాడితే మూడు, నాలుగు గంటలకు ఖాళీ. ప్రతి ఇంటి కాడ కొంచెం కొంచెం ఖాళీ అయితది, ఊరు తిరిగొచ్చేసరికి పానం పోతది.

అందుకే దగ్గర దగ్గర ఇండ్ల కాడ ఇంజన్ బంద్ చెయ్యకు. స్లోల ఉంటే ఛార్జింగు పెద్దగ ఎక్కదు గని, మళ్ల సెల్ఫ్ కొట్టే పని తప్పుతది. బంద్ చేస్తే తాళం కూడా తిప్పు. తాళం ఆన్‌ల ఉంచి, లైటు ఏసి, హారన్ కొట్టుకుంట పిలుసుడు మానాలె. ఆ కరెంటంతా బ్యాటరీ నుంచే పోతది.

స్టార్టు చేసేటప్పుడు, న్యూట్రల్‌ల ఉన్నా సరే, క్లచ్ పూర్తిగ పట్టు. క్లచ్ వదిలి ఉంటే ఇంజన్‌తోని పాటు గేర్‌బాక్స్ లోపలి షాఫ్టు కూడా ఆయిల్ల తిరగాలె, ఆ బరువంతా సెల్ఫ్ మోటరు మీదనే పడుతది. చలికి ఆయిల్ చిక్కగైతది, అప్పుడు ఈ తేడా బాగ తెలుస్తది. బటన్ ఐదు సెకన్లకు మించి పట్టొద్దు. అందుకోలేదా, పదిహేను సెకన్లు ఆగు. ఎండకాలం బాయిల మోటరు పెడితే నీళ్లు దిగిపోయి, జెరసేపు ఆపితే ఊట ఊరుతది కదా, బ్యాటరీ లోపల యాసిడ్ కూడా అట్లనే ప్లేట్ల కాడికి మళ్ల చేరుతది. ఇక్కడ వర్క్‌షాపుల పాకిస్తాన్ ఉస్తాద్ ఒకాయన మాకందరికీ మొదట నేర్పేది ఇదే.

ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతది, బ్యాటరీలు తొందరగ పోతయి. మన దిక్కు కూడా బ్యాటరీని చెడగొట్టేది ఎండకాలమే, అది బయటపడేది చలికాలంల.

తమ్మీ, ఇది నీకు. పొద్దుగాల మొదటి స్టార్టు బాపు చెయ్యొద్దు, నువ్వు లేచి చెయ్యాలె. తాళం ఆఫ్‌ల ఉంచి రెండు కిక్కులు కొట్టు, తర్వాత తాళం ఆన్ చేసి, చోక్ గుంజి, ఆక్సిలేటర్ ముట్టకుండ కిక్కుతోనే లేపు. ఇంజన్ వేడెక్కినంక సెల్ఫ్‌కు అంత కష్టం ఉండది. గార్డుకు నువ్వు బిగించిన ఎల్ఈడీ లైట్లు తీసెయ్. రెండూ కలిసి 40 వాట్లయితే 3 ఆంపియర్ల పైనే తాగుతయి. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు గంటసేపు వెలిగితే మన బ్యాటరీ సాఫ్. అందంకంటే బాపు ఇల్లు చేరుడు ముఖ్యం.

కొత్త బ్యాటరీ కొనే ముందు దానికి వోల్టు మీటరు పెట్టి చూడు. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉండాలె. 12.2 అంటే సగమే, 12 కంటే కిందికైతే ఖాళీకి దగ్గర. ఇంజన్ చాలు చేసి జెర రేజ్ ఇస్తే 13.5 నుంచి 14.5 దాకా రావాలె. రాకపోతే తప్పు ఛార్జింగుది, రెగ్యులేటర్‌నో ఛార్జింగు కాయిల్‌నో చూపియ్యాలె. అది చూడకుండ బ్యాటరీ మార్చితే పైసలు దండుగ. టర్మినల్స్‌కు తెల్లగ పొడి పట్టి ఉంటే మైనస్ వైరు ముందు విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతోని కడిగి, ఆరినంక గట్టిగ బిగించి వ్యాసిలిన్ రాయి. ఛార్జింగుకు ఇస్తే కార్ల బ్యాటరీలతోని కలిపి పెట్టనియ్యకు. దీనికి అర ఆంపియరు లోపలనే ఎక్కియ్యాలె.

సోమవారం నాకు సెలవు, మాపటికి ఫోన్ చేస్త. అప్పటికి మీటరు అంకెలు కాగితం మీద రాసిపెట్టు. బాపూ, అప్పటిదాకా దూరపు ఇండ్లకు తమ్ముడు పోతడు, వాడకట్టుల మటుకే నువ్వు పో. అవ్వను మోకాలుకు నూనె రాయమను.

నీ పెద్దకొడుకు